బిల్డింగ్‌కి పిడుగు రక్షణ పని ఎలా చేయాలి: సైట్ సర్వే నుంచి ఎర్త్ టెస్ట్ దాకా, చిమ్నీ ఎక్కడంతో సహా

మన దగ్గర లైట్నింగ్ అరెస్టర్ అనగానే డాబా మీద నిలబెట్టిన ఒక కడ్డీ, దాని నెత్తిన ఐదు ముళ్లు, అంతే గుర్తొస్తుంది. కడ్డీ కొనేసి ఒక పట్టీ కిందకి లాగి మూలన ఉన్న ఎర్త్ పిట్‌కి కట్టేస్తే అయిపోయిందనుకుంటారు, బిల్లు కూడా కడ్డీ చూసే ఇస్తారు. నిజానికి మొత్తం పనిలో కడ్డీ చాలా చిన్న భాగం. పిడుగు పడకుండా ఆపే వస్తువు ఏదీ లేదు, పడ్డ కరెంటు ఎటు నుంచి నేలలోకి పోవాలో మనం ముందే దారి వేసి పెట్టడమే ఈ పని, ఆ దారిలో ఒక్క జాయింటు వదులుగా ఉన్నా కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది, అది సీసీ కెమెరా కేబుల్ కావచ్చు, ట్యాంకు పైపు కావచ్చు, గోడలో తడి కావచ్చు. పని చెడేదంతా ఎవరికీ కనపడని చోటే, జాయింట్ల దగ్గర, మట్టి కింద, ప్యానెల్ బోర్డు లోపల. అందుకే ఈ గైడ్‌లో కూడా పైన తక్కువ, కింద ఎక్కువ చెప్తా.

ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసినవాళ్లు, ఈఈఈ డిప్లొమా లేదా బీటెక్ చేసి ఈ లైన్లోకి వద్దామనుకునేవాళ్లు, వైరింగ్ కాంట్రాక్టులు చేస్తూ ఈ పని కూడా పట్టాలనుకునేవాళ్లు, వీళ్లందరికీ పనికొస్తుంది. ఉదాహరణకి ఒక స్కూల్ బిల్డింగ్ తీసుకుందాం. పొడవు 40 మీటర్లు, వెడల్పు 20, ఎత్తు 12, అంటే గ్రౌండ్ మీద రెండు అంతస్తులు, పైన ఫ్లాట్ స్లాబు. లెక్కలన్నీ దీని మీదే చేద్దాం.

రూల్ బుక్ ఏంటంటే ఐఎస్/ఐఈసీ 62305. నాలుగు భాగాలు: మొదటిది బేసిక్స్, రెండోది రిస్క్ లెక్క, మూడోది బిల్డింగ్‌కీ మనుషులకీ రక్షణ, నాలుగోది లోపలి ఎలక్ట్రానిక్స్ రక్షణ. సైట్‌లో రోజూ చేతిలో ఉండాల్సింది మూడోది. పాత ఐఎస్ 2309 అని 1989 నాటిది ఒకటుంది, టెండర్లలో ఇప్పటికీ కాపీ పేస్ట్ అయి వస్తుంటుంది, అది కనపడితే పని మొదలయ్యే ముందే క్లయింట్‌ని రాతపూర్వకంగా అడిగి క్లియర్ చేసుకోండి, లేకపోతే బిల్లు దగ్గర గొడవ అవుతుంది.

స్టెప్ 1: ముందు డాబా ఎక్కండి, తర్వాతే డ్రాయింగ్

ఆఫీసులో కూర్చుని ఆటోక్యాడ్‌లో గీసేసిన డిజైన్లు సైట్‌లో సగం మారిపోతాయి. డాబా మీదకెళ్లి పిట్టగోడ ఎత్తు, వాటర్ ట్యాంకులు, సోలార్ ఫ్రేములు, డిష్‌లు, ఏసీ ఔట్‌డోర్ యూనిట్లు, జెండా కర్ర, ఏవి ఎంత ఎత్తున్నాయో టేపు పెట్టి కొలిచి రాసుకోండి. కిందకొచ్చి మెయిన్ ప్యానెల్ ఎక్కడుంది, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కేబుల్ ఎటు నుంచి వస్తోంది, బోరు, సంపు, గ్యాస్ పైపు ఎక్కడున్నాయో చూడండి. ఇంకోటి, పిల్లలు ఎక్కడ గుంపుగా నిలబడతారో కూడా చూడండి, ప్రేయర్ గ్రౌండ్ పక్కనే డౌన్ కండక్టర్ (డాబా నుంచి నేలకి దిగే పట్టీ) దింపితే తర్వాత తలనొప్పి మీకే.

బిల్డింగ్ ఇంకా కడుతుంటే మాత్రం అదృష్టమే. పిల్లర్ల స్టీలునే డౌన్ కండక్టర్‌గా వాడుకోవచ్చు, స్టాండర్డ్ కూడా ఒప్పుకుంటుంది, కాకపోతే పై నుంచి నేల దాకా రెసిస్టెన్స్ 0.2 ఓమ్‌లు దాటకూడదు. కట్టేసిన బిల్డింగ్‌లో లోపల స్టీలు ఎలా కట్టారో మనకి తెలీదు కాబట్టి కొలవకుండా నమ్మొద్దు. కాంక్రీట్ పోసేముందు రోజు సైట్‌కి వెళ్లి ఏ పిల్లర్లో ఏ రాడ్డు మనదో రంగు వేసి, క్లాంప్ చేయించి, ఫొటో తీసి పెట్టుకోండి. రాడ్ బెండర్ మేస్త్రీకి ఒక టీ పోయించి చెప్తే చేస్తాడు, సర్క్యులర్ పంపితే చేయడు.

స్టెప్ 2: ఈ బిల్డింగ్ మీద పిడుగు పడే అవకాశం ఎంత

దీనికి కలెక్షన్ ఏరియా అని ఒక లెక్క ఉంది. బిల్డింగ్ చుట్టూ దాని ఎత్తుకి మూడు రెట్ల దూరం దాకా పడాల్సిన పిడుగుని బిల్డింగ్ తన మీదకి లాక్కుంటుందని అనుకుంటాం. మన స్కూల్‌కి మూడు రెట్లు అంటే 36 మీటర్లు. సొంత స్థలం 40×20 అంటే 800, నాలుగు పక్కల పట్టీలు 2×36×60 అంటే 4320, నాలుగు మూలల్లో వచ్చే పావు వృత్తాలన్నీ కలిపితే 36 వ్యాసార్థం ఉన్న ఒక పూర్తి వృత్తం, 4071. మొత్తం సుమారు 9190 చదరపు మీటర్లు. ఆ ఏరియాలో చదరపు కిలోమీటరుకి ఏడాదికి 5 పిడుగులు అనుకుంటే (ఇది ఉదాహరణ సంఖ్య, మీ జిల్లాది తీసుకోండి), చుట్టూ ఏమీ లేని పొలాల మధ్య స్కూల్‌కి ఏడాదికి 0.046, అంటే దాదాపు 22 ఏళ్లకొకటి. చుట్టూ అంతే ఎత్తు బిల్డింగులో చెట్లో ఉంటే అది సగానికి పడిపోతుంది.

22 ఏళ్లకొకటేగా అని క్లయింట్ నవ్వుతాడు. ఆ ఒక్కటి రేపు కూడా రావొచ్చని చెప్పండి, పైగా లోపల వందల మంది పిల్లలుంటారు. అందుకే 62305 రెండో భాగంలో జనం ఎంతమంది, పానిక్ ఎంత, లోపల మంటలంటుకునేవి ఏమున్నాయి అన్నీ వేసి రిస్క్ తేల్చి, దాన్ని బట్టి రక్షణ క్లాస్ (1 నుంచి 4 దాకా, 1 అన్నిటికంటే గట్టిది) ఎంచుకుంటాం. లెక్క చేయకుండా నోటికొచ్చిన క్లాస్ రాయొద్దు. ఇక్కడ మనకి మూడో క్లాస్ వచ్చిందనుకుందాం.

స్టెప్ 3: క్లాస్ అంటే ఏం మారుతుంది

క్లాస్ 1: బంతి వ్యాసార్థం 20 మీటర్లు, మెష్ (డాబా మీద పట్టీలతో వేసే గళ్లు) 5×5 మీటర్లు, డౌన్ కండక్టర్ 10 మీటర్లకొకటి.
క్లాస్ 2: బంతి 30, మెష్ 10×10, డౌన్ కండక్టర్ 10కి.
క్లాస్ 3: బంతి 45, మెష్ 15×15, డౌన్ కండక్టర్ 15కి.
క్లాస్ 4: బంతి 60, మెష్ 20×20, డౌన్ కండక్టర్ 20కి.

బంతి ఏంటి అని కొత్తవాళ్లందరూ అడుగుతారు. మేఘం నుంచి పిడుగు మెట్లు మెట్లుగా దిగుతుంది, కిందకి దగ్గరయ్యేకొద్దీ నేల మీద ఎత్తైన వాటి నుంచి చిన్న చిన్న స్ట్రీమర్లు పైకి లేస్తాయి, ఏది ముందు కలిస్తే పిడుగు దాని మీద. ఆ కలిసే దూరం కరెంటుని బట్టి ఉంటుంది, కరెంటుని కిలో ఆంపియర్లలో తీసుకుని 0.65 ఘాతం వేసి 10తో గుణిస్తే మీటర్లలో వస్తుంది. 10 కిలో ఆంపియర్లకి 45 మీటర్లు, 3 కిలో ఆంపియర్లకి 20. ఇక్కడ చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. పెద్ద పిడుగుని పట్టుకోవడం తేలిక, అది దూరం నుంచే కడ్డీని చూస్తుంది. చిన్న పిడుగు కడ్డీల మధ్యలోంచి జారి స్లాబు మీద పడుతుంది. క్లాస్ 3లో 10 కిలో ఆంపియర్ల లోపువి తప్పించుకోవచ్చు, క్లాస్ 1లో 3 లోపువి. గరిష్ఠంగా తట్టుకోవాల్సింది క్లాస్ 3కి 100, క్లాస్ 1కి 200 కిలో ఆంపియర్లు.

45 మీటర్ల బంతిని బిల్డింగ్ మీద అన్ని వైపుల నుంచి దొర్లించినట్టు ఊహించుకోండి, అది ఎక్కడ ముట్టుకుంటుందో అక్కడ పిడుగు పడొచ్చు, అక్కడ మన కండక్టర్ ఉండాలి.

స్టెప్ 4: పైన

మెష్ 15 దాటకూడదు. 20 మీటర్ల వెడల్పుని మధ్యలో పొడవునా ఒక లైన్ వేసి 10, 10 చేస్తాం. 40ని రెండు అడ్డ లైన్లతో మూడు ముక్కలు, ఒక్కోటి 13.3. చుట్టుకొలత 120, పొడవు లైన్ 40, అడ్డ లైన్లు 20 చొప్పున రెండు, మొత్తం 200 మీటర్ల పట్టీ. చుట్టూ వేసేది పిట్టగోడ పైన, బయటి అంచుకి వీలైనంత దగ్గరగా వేయండి, లోపలి పక్క కనపడకుండా దాస్తే మూల పెచ్చు ఊడిపోతుంది.

మెటల్ సంగతి. 25×3 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత ఇనుము) పట్టీ అంటే 75 చదరపు మిల్లీమీటర్లు, పైన కావాల్సింది కనీసం 50, సరిపోతుంది. రాగి మంచిదే గానీ దొంగతనం జరుగుతుంది, ముఖ్యంగా గవర్నమెంట్ స్కూళ్లలో వేసవి సెలవుల తర్వాత వెళ్లి చూస్తే మనిషి ఎత్తు దాకా పట్టీ మాయం. అల్యూమినియం పైన వాడొచ్చు, తేలిక, కానీ మట్టిలోకి గానీ కాంక్రీట్ లోపలికి గానీ పంపకూడదు. రాగినీ జీఐనీ నేరుగా బోల్టు కొట్టొద్దు, మధ్యలో బైమెటల్ క్లాంపు పెట్టండి, లేకపోతే రెండు వర్షాకాలాలకే జీఐ తినేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

సాడిల్ (పట్టీని పట్టి ఉంచే క్లిప్పు) మీటరుకొకటి. జాయింట్‌కి రెండు ఎం8 బోల్టులు లేదా ఒక ఎం10, స్ప్రింగ్ వాషర్‌తో. వెల్డ్ చేస్తే ఆ చోట జింకు కాలిపోతుంది, కోల్డ్ గాల్వనైజింగ్ పెయింట్ వేయకుండా వదిలేయొద్దు.

ఇప్పుడు ట్యాంకు. స్లాబు నుంచి 2.5 మీటర్ల ఎత్తున్న ప్లాస్టిక్ ట్యాంకు పక్కన 4 మీటర్ల కడ్డీ పెట్టామనుకోండి, 45 మీటర్ల బంతి లెక్కతో ట్యాంకు పై లెవెల్లో ఆ కడ్డీ కాపాడేది 3.7 మీటర్ల దూరం దాకానే. అంటే ట్యాంకు అవతలి అంచు కడ్డీకి 3.7 మీటర్ల లోపు ఉండాలి, మూడు ట్యాంకులు వరసగా ఉంటే ఒక్క కడ్డీ చాలదు. రెండు కడ్డీల మధ్య 15 మీటర్లు ఉంటే బంతి మధ్యలో 63 సెంటీమీటర్లు కిందకి దిగుతుంది, 20 ఉంటే 1.13 మీటర్లు. సోలార్ ప్యానెళ్ల ఎత్తు చూసుకునేటప్పుడు ఈ సంఖ్యలు బాగా పనికొస్తాయి.

కడ్డీనీ పట్టీనీ సోలార్ ఫ్రేముకి ఎంత దూరంలో పెట్టాలి అన్నది సెపరేషన్ డిస్టెన్స్. క్లాస్ 3లో 0.04ని, మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ డౌన్ కండక్టర్లుంటే 0.44తో, అక్కడి నుంచి కింద బాండింగ్ పాయింట్ (లోహపు భాగాలన్నీ ఎర్త్‌కి కలిపే చోటు) దాకా కండక్టర్ పొడవుతో గుణించండి. 20 మీటర్ల పొడవైతే 0.35 మీటర్లు. అది గాలిలో, మధ్యలో ఇటుక గానీ కాంక్రీట్ గానీ ఉంటే రెట్టింపు, 0.70. అంత ఖాళీ లేకపోతే ఫ్రేముని మన సిస్టంకి బాండ్ చేసేయాలి, అలా చేస్తే ఆ డీసీ కేబుళ్ల మీదకి కూడా పిడుగు కరెంటు వస్తుంది, దానికి తగ్గ సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా లేచే వోల్టేజ్‌ని ఎర్త్‌కి మళ్లించే పరికరం) పెట్టాలి. సోలార్ వాళ్లు మన పని అయ్యాక వచ్చి పట్టీకి ఆనించి ఫ్రేము బిగించి పోవడం మాత్రం ప్రతి చోటా చూస్తున్నదే.

ఈఎస్ఈ (ఎర్లీ స్ట్రీమర్ ఎమిషన్, అంటే ముందే స్ట్రీమర్ లేపుతుందని అమ్మే) కడ్డీల గురించి ఒక మాట. ఒక్క కడ్డీ పెడితే వంద మీటర్లు కవర్ అని బ్రోచర్లు తిరుగుతాయి. ఫ్రాన్స్‌లో ఎన్ఎఫ్ సీ 17-102 అని దానికో స్టాండర్డ్ ఉంది నిజమే, కానీ మనం ఫాలో అయ్యే 62305 మూడో భాగం కడ్డీ అసలు సైజునే లెక్కలోకి తీసుకోమంటుంది, లోపల ఏ పరికరం ఉన్నా అదనంగా ఒక్క మీటరు కూడా ఇవ్వదు. రేడియోధార్మిక కడ్డీలైతే అసలే వద్దంటుంది. క్లయింట్ "ఒకటే కదా సార్, చీప్‌గా అయిపోద్ది" అంటే ఈ మాట మెయిల్‌లో పెట్టి పంపండి.

గుడి గోపురాల పని వస్తే ఇంకో సంగతి. కలశాలే పిడుగు ఆపుతాయని వాట్సాప్‌లో తిరుగుతుంది. పైన ఉన్న లోహం కాబట్టి పిడుగు దాని మీద పడుతుంది, అక్కడి దాకా కరెక్టే. కిందకి దారి లేకపోతే ఆ కరెంటు ఇటుక, సున్నం, రాయి లోంచి పోతుంది, లోపలి తడి ఒక్కసారిగా ఆవిరై బొమ్మల ముక్కలు ఎగిరిపోతాయి. కలశాలన్నీ ఒక లైనుకి కలిపి కనీసం రెండు వైపుల డౌన్ కండక్టర్లు దింపాలి. డ్రిల్లు పెట్టే ముందు స్థపతినీ, ఎండోమెంట్స్ వాళ్లనీ అడగండి, పురావస్తు శాఖ కిందున్న గుడి అయితే వాళ్ల పర్మిషన్ లేకుండా ఒక్క మేకు కూడా కొట్టొద్దు.

స్టెప్ 5: కిందకి దింపడం

120 మీటర్ల చుట్టుకొలతకి 15 చొప్పున 8 వస్తాయి. కానీ నాలుగు మూలల్లో తప్పనిసరిగా దింపి, పొడవు గోడలకి రెండేసి, వెడల్పు గోడలకి ఒక్కోటి పెడితే 10 అవుతాయి, పైన మెష్ లైన్ల చివర్లు కూడా సరిగ్గా అక్కడికే వస్తాయి. 10 పెట్టండి. రెండు పట్టీలు మిగుల్చుకుందామని 8తో ఆపితే వెడల్పు గోడ దగ్గర 20 మీటర్ల గ్యాప్ వస్తుంది.

సజ్జ వచ్చినప్పుడు దాని చుట్టూ యూ ఆకారంలో తిప్పొద్దు, సజ్జకి కన్నం వేసి నేరుగా దింపండి. అలాంటి మలుపు దగ్గర పిడుగు కరెంటు చుట్టూ తిరగకుండా గాల్లో దూకేయొచ్చు. వర్షపు నీళ్ల పైపులో వేస్తే కనపడదు కదా అని ఆర్కిటెక్ట్ అడుగుతాడు, స్టాండర్డ్ వద్దంటుంది, ఇన్సులేషన్ తొడిగినా సరే. కిటికీలకీ తలుపులకీ దూరంగా దింపండి.

నేల నుంచి మీటరు, మీటరున్నర ఎత్తులో టెస్ట్ జాయింట్ (కొలతకి విప్పగలిగే జాయింటు) పెట్టండి. ఇది స్కూల్ కాబట్టి పిల్లలు ముట్టుకుంటారు. చేతికందే ఎత్తు దాకా కనీసం 3 మిల్లీమీటర్ల ఎక్స్ఎల్‌పీఈ (క్రాస్ లింక్డ్ పాలీథిన్) ఇన్సులేషన్ ఉండాలి, మామూలు పీవీసీ పైపు తొడిగితే అది రక్షణ కాదు, అందం. చుట్టూ 3 మీటర్ల దాకా 15 సెంటీమీటర్ల కంకర గానీ 5 సెంటీమీటర్ల తారు గానీ వేయిస్తే అడుగుల మధ్య వోల్టేజ్ ప్రమాదం బాగా తగ్గుతుంది.

మెటీరియల్ లెక్క: పైన 200, కిందకి 120, మొత్తం 320 మీటర్ల 25×3. మీటరుకి సుమారు 0.59 కిలోలు, అంటే 188 కిలోలు. జీఐ షాపులో కిలోల్లోనే అమ్ముతారు కాబట్టి కొటేషన్ ఇచ్చే ముందు ఇది చేసుకోండి, పది శాతం ఎక్కువ వేసుకోండి.

స్టెప్ 6: ఎర్తింగ్, అసలు పని

ముందు మట్టి కొలవాలి. నాలుగు మేకులు ఒకే లైన్లో సమాన దూరంలో కొట్టి ఎర్త్ టెస్టర్‌తో రీడింగ్ తీసుకుంటే దాన్ని 2×3.14×మేకుల దూరంతో గుణించాలి. 3 మీటర్ల దూరంలో 2.65 ఓమ్‌లు వస్తే మట్టి 50 ఓమ్ మీటర్లు, తడి నల్లరేగడి అలా ఉంటుంది. అదే 26.5 వస్తే 500, మొరం, బండ ఉన్న నేల. కృష్ణా డెల్టాలో చేసిన డిజైన్‌ని హైదరాబాద్‌లో బండ మీద దింపితే ఏమవుతుందో ఈ రెండు సంఖ్యలు చూస్తే తెలుస్తుంది.

3 మీటర్ల పొడవు, 16 మిల్లీమీటర్ల రాడ్డు ఒక్కటి 50 మట్టిలో దాదాపు 17 ఓమ్‌లు ఇస్తుంది, 500 మట్టిలో 167. లక్ష్యం 10 ఓమ్‌ల లోపు. బండలో రాడ్డు 3 మీటర్లు దిగడమే గగనం, దిగినా 167. ఇంకో పది రాడ్లు కొట్టి డబ్బు తగలేసేకంటే బిల్డింగ్ చుట్టూ రింగ్ వేయండి. గోడ నుంచి మీటరు దూరం, కనీసం అర మీటరు లోతు, మన స్కూల్‌కి 42×22 అంటే 128 మీటర్ల రింగ్. అదే 500 మట్టిలో ఈ రింగ్ సుమారు 9.7 ఓమ్‌లు ఇస్తుంది, 50 మట్టిలో 1 ఓమ్. ఒక్క రాడ్డు కూడా లేకుండా. రింగ్‌కి ఇంకో లాభం, చుట్టూ నేల వోల్టేజ్ ఒకేసారి లేస్తుంది కాబట్టి గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లకి ప్రమాదం తక్కువ.

మట్టిలో జీఐ పట్టీకి కనీసం 90 చదరపు మిల్లీమీటర్లు ఉండాలి, అందుకే పైన వాడిన 25×3 ఇక్కడ పనికిరాదు, 25×6 వేయండి, 128 మీటర్లకి 151 కిలోలు. రెండు సైజులు తెచ్చినప్పుడు లేబర్ చేతికందింది పూడ్చేస్తారు, కందకం మూసేలోపు మీరే అక్కడ ఉండాలి. కందకంలో బిల్డింగ్ కట్టినప్పటి ఇటుక ముక్కలు, సిమెంట్ పెళ్లలు నింపొద్దు, జల్లెడ పట్టిన మట్టి, బండ ఉన్న చోట బెంటోనైట్ (తడి పట్టి ఉంచే బంకమట్టి). ఉప్పు, బొగ్గు వేసే పాత పద్ధతి వర్షాలకి ఉప్పు కొట్టుకుపోయేదాకా బాగానే చూపిస్తుంది, ఈలోపు జీఐని తినేస్తుంది కూడా. నేను వేయను.

ఇక పెద్ద గొడవ. "పిడుగు ఎర్త్ వేరే ఉండాలి సార్, కరెంట్ ఎర్త్‌తో కలిపితే మిషన్లన్నీ కాలిపోతాయి" అని ఊళ్లో పెద్ద ఎలక్ట్రీషియన్ గట్టిగా చెప్తాడు, మేనేజ్‌మెంట్ ఆయన మాటే వింటుంది. ఆయనతో వాదించకుండా ఒక లెక్క కాగితం మీద వేసి చూపించండి. 10 ఓమ్‌ల ఎర్త్‌లోకి 10 కిలో ఆంపియర్లు పోతే ఆ ఎర్త్ లక్ష వోల్టులకి లేస్తుంది. కరెంట్ ఎర్త్ వేరుగా సున్నా దగ్గర ఉండిపోతే ఆ రెండింటి మధ్య లక్ష వోల్టుల తేడా, అది తేలేది గోడల్లోనో, మిషన్ల లోపలో. రెండూ కలిపేస్తే అన్నీ కలిసి లేస్తాయి, తేడా ఉండదు. మెయిన్ ప్యానెల్ దగ్గర ఒక ఎర్త్ బార్ పెట్టి పిడుగు రింగ్, ఎలక్ట్రికల్ ఎర్త్, నీళ్ల పైపు, గ్యాస్ పైపు, కేబుల్ షీత్‌లు అన్నీ అక్కడికి తేవాలి.

స్టెప్ 7: ప్యానెల్ బోర్డు లోపల

బయట అంతా పర్ఫెక్ట్‌గా చేసి సర్జ్ ప్రొటెక్టర్ పెట్టకపోతే బిల్డింగ్ మిగులుతుంది, కంప్యూటర్ ల్యాబ్ పోతుంది. బయట సిస్టం ఉన్న బిల్డింగ్‌కి మెయిన్ ప్యానెల్లో టైప్ 1 కావాలి, అంటే నేరుగా పడ్డ పిడుగు కరెంటుని పోలిన 10/350 మైక్రోసెకన్ల వేవ్‌కి టెస్ట్ చేసింది. చాలా షాపుల్లో టైప్ 2 అంటగడతారు, అది 8/20, అంత ఎనర్జీ తట్టుకోలేదు, సబ్ బోర్డుల్లో పెట్టుకోవాల్సింది అది. సైజు ఎలా అంటే క్లాస్ 3లో 100 కిలో ఆంపియర్లలో సగం మట్టిలోకి పోతుంది, సగం సర్వీస్ కేబుల్ పట్టుకుంటుంది అనుకుంటాం, ఆ 50ని నాలుగు తీగలకి పంచితే పోల్‌కి 12.5. ఐఇంప్ (తట్టుకునే పిడుగు కరెంటు) 12.5 కిలో ఆంపియర్లు అని డబ్బా మీద రాసి ఉండాలి.

అది ఎంత మంచిది కొన్నా వైర్లు పొడుగ్గా వదిలేస్తే దండగ. మీటరు వైరుకి సుమారు వెయ్యి వోల్టులు అదనంగా కలుస్తుంది, ఫేజ్ వైపూ ఎర్త్ వైపూ కలిపి అర మీటరు లోపు ఉండాలి. బోర్డులో ఖాళీ లేదని పైన మూలన బిగించి రెండు మీటర్ల వైరు చుట్ట చుట్టి పెట్టినవి ఎన్నో చూశాను. కెమెరా కేబుళ్లు, ఇంటర్నెట్ లైను కూడా మర్చిపోవద్దు, స్కూళ్లలో మొదట పోయేది గేటు దగ్గర స్తంభం మీదున్న కెమెరా, దాని వెనకే రికార్డర్.

స్టెప్ 8: ఎత్తు పని, చిమ్నీలు

మూడంతస్తుల డాబా దాటితే ఇది వేరే వృత్తి. రైస్ మిల్లులు, షుగర్ ఫ్యాక్టరీలు, పవర్ ప్లాంట్ల చిమ్నీలకి పైన రింగ్, ఎదురెదురుగా కనీసం రెండు డౌన్ కండక్టర్లు ఉంటాయి, వాటిని ఎక్కి చూడాల్సిందే, కింద నుంచి బైనాక్యులర్‌తో చూస్తే బోల్టు వదులు తెలీదు. పొగ తగిలే పై భాగంలో మామూలు జీఐ నిలవదు, ఆ వాయువుల్లో యాసిడ్ ఉంటుంది, అక్కడ స్టెయిన్‌లెస్ లేదా సీసం పూత ఉన్న రాగి. 60 మీటర్లు దాటిన కట్టడాలకి పక్కల నుంచి కూడా పిడుగు పడుతుంది, పై 20 శాతం ఎత్తుకి పక్క రక్షణ కూడా డిజైన్‌లో ఉండాలి.

హార్నెస్ ఫుల్ బాడీది, ఐఎస్ 3521 ముద్ర ఉన్నది, నడుముకి కట్టే పాత బెల్టు కాదు. లాన్‌యార్డ్ (హార్నెస్‌కి ఉండే తగిలింపు తాడు) రెండు కొక్కేలది, ఎక్కేటప్పుడు ఒకటి తీసి పైన పెట్టాకే రెండోది తీయాలి, రెండూ ఒకేసారి గాల్లో ఉండే క్షణం ఉండకూడదు. పాత చిమ్నీ నిచ్చెన మెట్లని యాంకర్‌గా నమ్మొద్దు, కాంక్రీట్‌లోకి దిగిన చోట తుప్పు లోపలే ఉంటుంది, పెయింట్ మాత్రం మెరుస్తుంటుంది. ఒక్కో మెట్టు సుత్తితో కొట్టి శబ్దం వింటూ ఎక్కుతారు పాతవాళ్లు, ఆ అలవాటు మంచిదే గానీ దాంతో పాటు విడిగా లైఫ్ లైన్ ఉండాలి. రోప్ మీద పనైతే ఎప్పుడూ రెండు తాళ్లు, ఒకటి పనికి, ఒకటి బ్యాకప్, రెండింటికీ యాంకర్లు వేరు.

పడి తాడుకి వేలాడుతున్న మనిషిని నిమిషాల్లో దించాలి, కదలకుండా వేలాడితే కాళ్లలో రక్తం నిలిచిపోయి ప్రాణం మీదకొస్తుంది. కాబట్టి ఎక్కే ముందే ఎవరు దించుతారు, దేంతో దించుతారు అన్నది తేలాలి, 108కి ఫోన్ చేద్దాంలే అన్నది ప్లాన్ కాదు.

మన దగ్గర ఏప్రిల్, మే, జూన్ నెలల్లో మధ్యాహ్నం దాటాక ఈదురుగాలితో పాటే పిడుగులొస్తాయి. ఆ నెలల్లో పై పని పొద్దున్నే పెట్టుకుని ఒంటిగంటకల్లా దిగిపోయేలా ప్లాన్ చేయండి. పుణె ఐఐటీఎం వాళ్ల దామిని యాప్ ఫోన్లో ఉంచుకోండి, విపత్తుల సంస్థ మెసేజ్‌లు కూడా చూడండి, కానీ ఉరుము వినపడిందంటే యాప్ ఏం చెప్పినా దిగిపోవాలి, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా ఎక్కకూడదు. సగం బిగించిన పట్టీ చేతిలో పట్టుకుని ఉండగా ఉరిమితే దాన్ని అక్కడే వదిలేయండి.

స్టెప్ 9: టెస్టింగ్, అప్పగింత

పిట్ టెస్ట్ మూడు పాయింట్ల పద్ధతిలో. కరెంట్ మేకు దూరంగా కొట్టి, పొటెన్షియల్ మేకుని ఆ దూరంలో 62 శాతం దగ్గర కొట్టాలి, తర్వాత దాన్ని 52, 72 శాతాలకి జరిపి మళ్లీ చూడండి. మూడూ దగ్గర దగ్గరగా వస్తేనే రీడింగ్ నిజం, దూరదూరంగా వస్తే కరెంట్ మేకు ఇంకా అవతలకి జరపాలి. పెద్ద రింగ్‌కి చాలా దూరం జరపాల్సి వస్తుంది, స్కూల్ కాంపౌండ్ దాటి పక్క పొలంలోకి వెళ్లాల్సి రావొచ్చు, రైతుని అడిగి కొట్టండి. పిట్‌లో నీళ్లు పోసి టెస్ట్ చేయడం కాంట్రాక్టర్ల పాత ట్రిక్కు, మీరు ఇన్‌స్పెక్షన్‌కి వెళ్తే తడి చూడండి, ఎండాకాలంలో వచ్చిన రీడింగే అసలు రీడింగ్.

అప్పగించేటప్పుడు ఇచ్చే ఫైల్లో ఉండాల్సినవి: కట్టినట్టుగా గీసిన డ్రాయింగ్, రిస్క్ లెక్క, ప్రతి టెస్ట్ జాయింట్‌కి నంబరు, రీడింగ్, తేదీ, మూసేసిన కందకం ఫొటోలు. తర్వాత క్లాస్ 1, 2 బిల్డింగులకి ఏడాదికోసారి చూపు పరీక్ష, రెండేళ్లకి పూర్తి పరీక్ష. క్లాస్ 3, 4కి రెండేళ్లు, నాలుగేళ్లు. డాబా మీద కొత్తగా ఏది పెట్టినా, పిడుగు పడిందని తెలిసినా వెంటనే ఒకసారి చూడాలి అని ఆ ఫైల్లోనే రాసి సంతకం పెట్టించుకోండి.

ఈ లైన్లోకి రావాలంటే

ఇంజినీర్ వైపు రావాలంటే ఈఈఈ డిప్లొమా లేదా బీటెక్, దాంతో పాటు రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే సూపర్‌వైజర్ పర్మిట్ ఉంటే సైన్ చేసే స్థాయికి తొందరగా వస్తారు. ఐటీఐ వాళ్లు వైర్‌మన్ పర్మిట్‌తో మొదలుపెట్టొచ్చు. 62305 మూడో భాగం సొంతంగా చదివినవాళ్లు ఫీల్డులో చాలా తక్కువ, అది చదివి ఇంటర్వ్యూకి వెళ్తేనే తేడా తెలుస్తుంది.

ఎత్తు పని వైపైతే ఇరాటా (తాడు మీద చేసే పనికి అంతర్జాతీయ సంస్థ) సర్టిఫికెట్. నాలుగు రోజుల ట్రైనింగ్, ఒక రోజు పరీక్ష, మూడేళ్లు చెల్లుతుంది. గల్ఫ్‌లో ఆయిల్, టవర్ పనులకి అడిగేది ఇదే, మన ఊళ్ల నుంచి వెళ్లేవాళ్లు ఏజెంటుకి డబ్బు కట్టే ముందు ఈ సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుంటే జీతం మాట్లాడుకునే చోటు ఉంటుంది. లెవెల్ 1 నుంచి 2కి పోవాలంటే కనీసం ఏడాది, వెయ్యి గంటలు తాడు మీద పని చేసినట్టు లాగ్‌బుక్‌లో ఉండాలి. రాయని గంటలు లెక్కలోకి రావు, కాబట్టి సైట్ వదిలేలోపే సూపర్‌వైజర్ సంతకం తీసుకుని, ప్రతి పేజీ ఫొటో తీసి ఫోన్లో దాచుకోండి.